చక్కెర వ్యాధి ఉన్నవారికి ఊపిరితిత్తుల క్షయ - సంఘ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

సంఘాల తనిఖీకి గ్రామాలకు వెళ్ళినప్పుడు మేము పాల సేకరణ పుస్తకంతోపాటు సభ్యుల యోగక్షేమాలు కూడా విచారిస్తూ ఉంటాము. పూటకు ఆరు లీటర్లు పోసే ఇల్లు ఉన్నట్టుండి రెండు లీటర్లకు దిగిందంటే, జబ్బు పశువుకా, మనిషికా అని అడగవలసి వస్తుంది. పశువుకైతే గాలికుంటో, పొదుగువాపో, లేక చూడి పశువు వట్టిపోవడమో కారణమవుతుంది. మనిషికైతే ఈ మధ్య రెండు జబ్బుల పేర్లు తరచుగా వినవస్తున్నాయి. ఒకటి చక్కెర వ్యాధి, అనగా మధుమేహం. రెండవది ఊపిరితిత్తుల క్షయ, అనగా టీబీ.

ఈ రెండింటిని గురించి విడివిడిగా సభ్యులకు ఎంతో కొంత తెలుసు. అయితే చక్కెర వ్యాధి ఉన్నవారికి క్షయ సులభంగా వస్తుందనీ, వచ్చినప్పుడు చాలాకాలం పైకి తెలియకుండా ఉండగలదనీ తెలిసినవారు తక్కువ. పాల సేకరణ పుస్తకం ఒక్కటే చూసి చెల్లింపుల పుస్తకం చూడకపోతే సంఘం లెక్క తేలదు. అలాగే ఈ జబ్బులలో ఒకటి ఉన్న మనిషికి రెండవది కూడా ఉన్నదేమో చూడకపోతే ఆ మనిషి ఆరోగ్యం లెక్క తేలదు. ఈ ఒక్క విషయం సభ్యుల మనసున నాటుకోవాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పిన సంగతులనూ, ప్రభుత్వ కార్యక్రమంలో అమలులో ఉన్న సంగతులనూ మాత్రమే ఇక్కడ తెలియజేస్తున్నాము.

క్షయ ఎలా వస్తుంది?

క్షయ శాపం కాదు, వంశంలో దిగివచ్చే జబ్బు కాదు. అది ఒక సూక్ష్మక్రిమి వలన వస్తుంది. ఆ క్రిమిని కనుగొన్నట్లు జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతున్నారు. ఊపిరితిత్తుల క్షయ ఉండి మందు వాడని మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని గదిలో ఆ మనిషితో ఎక్కువకాలం కలిసి ఉన్నవారికి అవి సోకుతాయి. కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల ఈ జబ్బు అంటదు.

క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. మన దేశంలో పెద్దవారిలో సుమారు ముగ్గురిలో ఒకరి ఒంట్లో ఈ క్రిమి నిద్రాణంగా ఉన్నదని అంచనా. ఒంట్లోని రక్షణ శక్తి దానిని అదుపులో పెట్టి ఉంచుతుంది. క్రిమి సోకినవారిలో నూటికి ఐదుగురు మొదలు పదిమంది వరకు జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు పడతారు. ఎవరికి రక్షణ శక్తి సన్నగిల్లితే వారిలో క్రిమి మేల్కొంటుంది. పౌష్టికాహారం లేకపోవడం, పొగత్రాగడం, మద్యం, హెచ్‌ఐవీ ఇందుకు దారి తీస్తాయి. చక్కెర వ్యాధి కూడా ఆ కోవకు చెందినదే.

చక్కెర వ్యాధికి, క్షయకు సంబంధం ఏమిటి?

రక్తంలో చక్కెర ఎక్కువైతే క్రిములకు మేత దొరికినట్లే కదా అని కొందరు అంటూ ఉంటారు. అసలు కారణం అది కాదు. ఊపిరితిత్తులలోకి చేరిన క్రిములను పట్టి చంపే రక్షక కణాలు మన ఒంట్లో ఉంటాయి. రక్తంలో చక్కెర చాలాకాలం హెచ్చుగా ఉంటే ఆ కణాలు మందగిస్తాయి. కాపలావాడు కునికితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. చక్కెర వ్యాధి లేనివారితో పోలిస్తే ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. చక్కెర అదుపులో లేనివారికి ప్రమాదం మరింత ఎక్కువ.

ఇది ఈనాడు కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1921లో టొరాంటో నగరంలో ఇన్సులిన్ కనుగొనక పూర్వం చక్కెర రోగులలో ఎందరో చివరకు క్షయతోనే మరణించేవారు. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన డాక్టర్ హోవార్డ్ రూట్ ఈ రెండు జబ్బుల సంబంధం గురించి 1934లోనే వివరంగా వ్రాశాడు. తరువాతి దశకాలలో ఇన్సులిన్, చక్కెర మాత్రలు, క్షయ మందులు అందుబాటులోకి రాగా ఈ సంగతి కొంత మరుగునపడింది.

ఇప్పుడు మళ్ళీ దీనిని తలచుకోవలసిన అవసరం వచ్చింది. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. చక్కెర వ్యాధి ఉన్నవారు మన దేశంలో 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వే తెలిపింది. ఇది పట్టణాలలో కూర్చుని పనిచేసే వారి జబ్బు అనే మాట ఇక చెల్లదు. 2012లో దేశంలో పలుచోట్ల 8 వేల మందికి పైగా క్షయ రోగులకు చక్కెర పరీక్ష చేయగా, నూటికి 13 మందికి చక్కెర వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ 13 మందిలో ఐదుగురికి తమకు చక్కెర ఉన్న సంగతి అంతవరకు తెలియనే తెలియదు.

ఒక జబ్బు మరొక జబ్బును ఎలా కప్పిపుచ్చుతుంది?

బరువు తగ్గడం, నీరసం, ఆయాసం, పని మీద ఆసక్తి లేకపోవడం - ఇవి క్షయ లక్షణాలు. చక్కెర అదుపు తప్పినప్పుడు కనిపించే లక్షణాలు కూడా చాలావరకు ఇవే. కావున చక్కెర ఉన్న మనిషి చిక్కిపోతుంటే అందరూ చక్కెర వల్లనే అనుకుంటారు. క్షయ ఉన్న మనిషి చిక్కిపోతుంటే అందరూ క్షయ వల్లనే అనుకుంటారు. రెండవ జబ్బును వెదికేవారు ఉండరు.

ఒక సంఘంలో మేము చూసిన సంగతి చెబుతాము. యాభై ఏళ్ళు దాటిన ఒక సభ్యుడు ఎనిమిదేళ్ళుగా చక్కెర మాత్రలు వాడుతున్నారు. ఒక ఏడాది చలికాలంలో ఆయన బాగా చిక్కిపోయారు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తింటున్నారు గనుక ఒళ్ళు తగ్గిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఇరుగుపొరుగువారు పథ్యం అంటే ఇలా ఉండాలి అని మెచ్చుకున్నారు కూడా. దగ్గు వస్తే వరిగడ్డి దుమ్ము అన్నారు. సాయంత్రం పూట కొద్దిగా ఒళ్ళు వెచ్చబడితే మంచులో తిరగడం అన్నారు. మందుల దుకాణంలో దగ్గు మందు మూడుసార్లు కొన్నారు. నాలుగు నెలల తరువాత గళ్ళలో రక్తపు చారలు కనిపించాకగాని పరీక్షకు వెళ్ళలేదు. అప్పటికి ఆయన పక్కనే పడుకునే మనుమరాలికి కూడా జబ్బు సోకింది. ఇద్దరూ మందులు వాడి కోలుకున్నారు. అయితే దగ్గు మొదలైన మూడో వారంలోనే గళ్ళ పరీక్ష చేయించి ఉంటే ఆ పాపకు ఆరు నెలల మందులు తప్పి ఉండేవేమో.

చక్కెర ఉన్నవారిలో క్షయ కొన్నిసార్లు దగ్గు కూడా ఎక్కువ లేకుండా లోలోపల పెరుగుతుంది. సాధారణంగా క్షయ ఊపిరితిత్తుల పైభాగంలో కనిపిస్తుంది. చక్కెర ఉన్నవారిలో అది కింది భాగంలో కూడా రావచ్చు. ఎక్స్‌రేలో దానిని చూసి మామూలు న్యుమోనియా అనుకునే అవకాశం ఉన్నది. కావున వైద్యుని వద్దకు ఏ పని మీద వెళ్ళినా తమకు చక్కెర ఉన్న సంగతి సభ్యులు ముందుగా చెప్పాలి.

ఏ పరీక్షలు చేయించుకోవాలి?

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా గళ్ళ పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు; సాయంత్రం పూట జ్వరం; రాత్రిళ్ళు చెమటలు పట్టడం; కారణం లేకుండా బరువు తగ్గడం; గళ్ళలో రక్తం; మాత్రలు సరిగా వాడుతున్నా ఉన్నట్టుండి చక్కెర అదుపు తప్పడం. ఈ చివరిది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఒంట్లో క్షయ ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. మాత్రల మోతాదు పెంచుతూ పోవడమే కాక, ఎందుకు పెరిగిందో కూడా తెలుసుకోవాలి.

గళ్ళ నమూనా ఇవ్వడంలో చాలామంది పొరపాటు చేస్తారు. పాలు కలియబెట్టకుండా పైపైన తీసిన నమూనాతో వెన్న శాతం సరిగా రాదని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. గళ్ళ పరీక్ష కూడా అంతే. నోటిలోని ఉమ్మి పనికిరాదు. ఉదయం లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోపలి నుండి దగ్గి తీసిన చిక్కని గళ్ళ కావాలి. ఆరుబయట, మనుషులకు దూరంగా నిలబడి తీయాలి. సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలతో చేసే పరీక్షలు కొద్ది గంటలలోనే క్రిమి ఉన్నదీ లేనిదీ చెబుతాయి. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్షలు ఉచితం. 2024 డిసెంబరు 7న ప్రారంభమైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో, ముందుగా పరీక్షించవలసిన వారి జాబితాలో చక్కెర రోగులను కూడా చేర్చారు.

ఇక క్షయ ఉన్నట్లు తేలిన ప్రతివారికీ చక్కెర పరీక్ష చేయాలి. పరగడుపున చేసిన పరీక్షలో 126 గాని, అంతకు మించిగాని వస్తే చక్కెర వ్యాధిగా భావిస్తారు. గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం ఆ హద్దు. క్షయ తీవ్రత వలన తాత్కాలికంగా పెరిగిన చక్కెర, మందులు వాడిన కొన్ని నెలలకు తగ్గిపోవచ్చు. కావున మధ్యలోనూ, చికిత్స చివరలోనూ మరల పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి.

చికిత్స

పూర్వం క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియాలకు పంపి నెలల తరబడి ఉంచేవారు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ పరిశోధన కేంద్రం, ఇంటి వద్ద ఉండి మందులు వాడినవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని 1959లో తేల్చింది. ఇంటిలోని వారికి అదనపు ప్రమాదం లేదని కూడా ఆ పరిశీలనలో తెలిసింది. ప్రపంచమంతా ఈనాడు అనుసరిస్తున్న పద్ధతికి అది దారి చూపింది.

మందులకు లొంగే క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు; తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగతా మూడు. మనిషి బరువును బట్టి మాత్రల సంఖ్య నిర్ణయించి రోజూ మింగిస్తారు. చక్కెర ఉన్నవారికి కూడా ఇవే మందులు. అయితే వారి గళ్ళలో క్రిములు కనిపించడం ఆగడానికి కొంత ఎక్కువ కాలం పట్టవచ్చు. నయమైన తరువాత తిరగబెట్టే అవకాశం, ప్రాణాపాయం కూడా వారికి ఎక్కువ. చక్కెరను అదుపులో ఉంచుకున్నవారికి ఫలితం బాగుంటుంది.

పొదుగువాపు వచ్చిన గేదెకు రెండు రోజులు మందు వేసి, పాలు తేటపడ్డాయని మూడో రోజు మానేస్తే ఏమవుతుందో మన సభ్యులు ఎరుగుదురు. వాపు మళ్ళీ వస్తుంది, ఈసారి ఆ మందుకు లొంగదు. క్షయలో కూడా రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్ళు తేలికపడుతుంది. అంతటితో మందు మానివేయడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

రెండు జబ్బుల మందులు కలిపి వాడేటప్పుడు తెలిసి ఉండవలసినవి ఇవి:

రిఫాంపిసిన్ వలన మూత్రం నారింజ రంగులో వస్తుంది. దానికి భయపడనక్కరలేదు. కాని ఆ మందు గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి చక్కెర మాత్రలను ఒంట్లో త్వరగా ఖర్చు చేస్తుంది. అందువల్ల అంతకుముందు సరిపోయిన మాత్ర ఇప్పుడు చాలకపోవచ్చు. వైద్యులు మోతాదు మార్చవచ్చు, లేదా కొంతకాలం ఇన్సులిన్ ఇవ్వవచ్చు. ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదనే భయంతో కొందరు వద్దంటున్నారు. క్షయ తగ్గాక చాలామందికి తిరిగి మాత్రలు సరిపోతాయి.

ఆరు నెలలు పూర్తయి రిఫాంపిసిన్ ఆగిన తరువాత అదే చక్కెర మందు ఎక్కువైపోయి చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. వెంటనే కొద్దిగా పంచదార నీళ్ళు త్రాగి వైద్యుని కలవాలి.

ఐసోనియాజిడ్ వలన అరికాళ్ళు తిమ్మిరెక్కి మంటలు పుట్టవచ్చు. చక్కెర ఉన్నవారికి ఆ బాధ ముందే ఉంటుంది గనుక వైద్యులు బి6 విటమిన్ మాత్ర కలిపి ఇస్తారు. ఇథాంబ్యుటాల్ వలన చూపు మందగిస్తే, రంగులు సరిగా తెలియకపోతే ఆలస్యం చేయరాదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మందులు వాడే కాలంలో మద్యం పూర్తిగా మానాలి. బీడీ, చుట్ట కూడా అంతే.

తిండి, పాలు

చక్కెరకు పథ్యం కావాలి, క్షయకు బలమైన తిండి కావాలి, ఈ రెండూ ఎలా కుదురుతాయని సభ్యులు అడుగుతుంటారు. తగ్గించవలసినవి పంచదార, బెల్లం, మిఠాయిలు, మితిమీరిన అన్నం. పెంచవలసినవి పప్పులు, గుడ్లు, వేరుశనగలు, ఆకుకూరలు, చేపలు, పాలు, పెరుగు. కడుపు మాడ్చుకోవడం పథ్యం కాదు. ఊరందరికీ పాలు పోసి, ఇంట్లో రోగికి నీళ్ళ మజ్జిగ ఇచ్చే ఇళ్ళను మేము చూశాము. పూటకు ఒక గ్లాసు పాలు రోగికి ఉంచుకుంటే సంఘం నష్టపోదు.

పాలు కాచి త్రాగాలి. పశువులకు వచ్చే క్షయ క్రిమి వేరు. అది పచ్చిపాల ద్వారా మనుషులకు సోకగలదు. పాలు మరిగిస్తే ఆ క్రిమి చనిపోతుంది. పాల కర్మాగారంలో 72 డిగ్రీల వేడిమి వద్ద 15 సెకన్లు పాలను పాశ్చరైజు చేసేది ఇటువంటి క్రిముల నిర్మూలనకే.

ఇంటివారి బాధ్యత, సంఘం బాధ్యత

సరైన మందులు మొదలైన రెండు మూడు వారాలలో జబ్బు ఇతరులకు సోకడం చాలావరకు తగ్గిపోతుంది. ఎప్పటినుండి మామూలుగా తిరగవచ్చో వైద్యులు చెబుతారు. అంతవరకు రోగి దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, గాలి వెలుతురు వచ్చే చోట విడిగా పడుకోవాలి. కంచం, చెంబు వేరు చేయనక్కరలేదు. ఇంటిలోని వారందరినీ, ముఖ్యంగా ఐదేళ్ళలోపు పిల్లలనూ, చక్కెర ఉన్న పెద్దవారినీ పరీక్షించాలి. జబ్బు లేదని తేలినవారికి కూడా అది రాకుండా నివారణ మాత్రలు ఇస్తారు. వద్దనకుండా వాడాలి.

సంఘాలకు మేము ముఖ్యంగా చెప్పదలచినది ఒకటి ఉన్నది. క్షయ ఉన్న ఇంటి పాలు తీసుకోవద్దని కొన్ని చోట్ల సభ్యులు గొడవ చేస్తున్నారు. ఇది అన్యాయం, శాస్త్రానికి కూడా విరుద్ధం. మనిషి ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా సోకేది. పాల క్యానుతో వచ్చేది కాదు. ఆపైన సంఘంలో సేకరించిన పాలన్నీ పాశ్చరైజు అయ్యేవే. ఆ కొద్ది వారాలు పాలు పితకడం, కేంద్రానికి తేవడం ఇంటిలో మరొకరు చూసుకుంటే చాలు. సభ్యుని పుస్తకం మీద ఇంటివారు పాలు పోయడం మన సంఘాలలో ఎప్పుడూ ఉన్నదే. పాలు పోయనివ్వకపోతే ఆ సభ్యుని పదిహేను రోజుల బిల్లు ఆగుతుంది, బోనస్ పోతుంది, ఓటు హక్కుకు కావలసిన రోజులు తగ్గుతాయి. ఇది చూసిన మరొక సభ్యుడు తన దగ్గును దాచుకుంటాడు. దాచుకున్న దగ్గే ఊరికి ప్రమాదం, మందు వాడుతున్న రోగి కాదు.

చికిత్సకాలంలో పౌష్టికాహారం కోసం 2018 నుండి ప్రభుత్వం క్షయ రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు జమచేసేది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచారు. పాల బిల్లుల కోసం తెరిచిన ఖాతా సభ్యులకు ఎలాగూ ఉన్నది. కార్యదర్శి ఆ ఖాతా పుస్తకం నకలు తీసి ఆశా కార్యకర్తకు అందజేస్తే రోగికి ఒక తిరుగుడు తప్పుతుంది.

పాలకవర్గాలకు మా సూచనలు ఇవి. పశువైద్య శిబిరం పెట్టిన రోజునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని పిలిపించి, ముప్పై ఏళ్ళు దాటిన సభ్యులకు, ఇంటివారికి చక్కెర పరీక్ష చేయించండి. చక్కెర ఉన్నదని తేలినవారిని దగ్గు, జ్వరం, బరువు సంగతి తప్పక అడిగించండి. పాల కేంద్రంలోని తూకం యంత్రం పక్కన మనుషుల బరువు చూసే యంత్రం ఒకటి ఉంచండి. పశువు పాలు ఒక లీటరు తగ్గితే అదే రోజు గమనించే మన రైతు, తన ఒళ్ళు ఐదు కిలోలు తగ్గినా గమనించడు. నెలకొకసారి బరువు చూసుకుంటే ఆ లోటు తీరుతుంది.

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు ఉదయం పాల సేకరణ సమయంలో సభ్యులకు చదివి వినిపించి, నోటీసు బోర్డు మీద ఉంచగలరు. చక్కెర ఉన్నవారు రెండు వారాల దగ్గును ఉపేక్షించరాదు. క్షయ ఉన్నవారు చక్కెర పరీక్ష మరువరాదు. రెండూ ఉన్నవారు ఏ ఒక్క మందూ మధ్యలో మానరాదు. ఈ మూడు మాటలు ప్రతి సభ్యుని ఇంటికీ చేరేలా చూడవలసిందిగా అన్ని సంఘాల పాలకవర్గాలను కోరుతున్నాము.